‘పరిత్యజింతు రురు’లో రెండో ‘రు’ ఎవరిది?

కొసరుమాట:
“ఆరంభింపరు నీచమానవులు” పద్యం, అదే, భర్తృహరికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు: నీచులు మొదలే పెట్టరు, మధ్యములు మొదలుపెట్టి మానేస్తారు, ధీరులు వదలరు. దాని చివరి పాదం నాలుక మీదే ఆడుతోంది, పూర్తిగా రావట్లేదు. “ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ” దాకా గుర్తుంది. ఆ తర్వాత ‘ప్రజ్ఞానిధుల్ గావునన్’ అనా, ‘ధైర్యాధికుల్ గావునన్’ అనా? రెండూ చెవికి బాగానే ఉన్నాయి. అల్ట్రామారథాన్ (మారథాన్‌ని మించిన దూరం) పరిగెత్తేవాళ్ళకి రోడ్డు మారథాన్ మేటి రన్నర్లంత టాలెంటు ఉంటుందా అన్న వ్యాసానికి ఈ పాదం తలకట్టుగా పెడదామని. ధైర్యమైతే వ్యాసం ఒక వైపు తిరుగుతుంది, ప్రజ్ఞ అయితే ఇంకో వైపు.

యతిపట్టు:
ప్రజ్ఞానిధుల్. ‘ధైర్యాధికుల్’ గణాలకి సరిపోతుంది, యతికి సరిపోదు. పాదం ‘ప్రా’తో మొదలైంది, శార్దూలంలో పదమూడో అక్షరం దానితో మైత్రి కలవాలి. ‘ధై’ ఎక్కడ కలుస్తుంది? ఇక చర్చ అక్కర్లేదు.

పాతప్రతి:
అక్కర్లేదంటే ఎలాగండీ? అసలు చిక్కు రెండో పాదంలో ఉంది. సగం మంది “ఆరంభించి పరిత్యజింతురు విఘ్నాయత్తులై” అని ఒక్క ‘రు’తో చదివేస్తారు. ఉన్నది “పరిత్యజింతు రురు విఘ్నాయత్తులై”. రెండో ‘రు’ అచ్చుతప్పు కాదు. పరిత్యజింతురు + ఉరు విఘ్న. ఉరు అంటే పెద్ద. తీసేస్తే పాదానికి 18 అక్షరాలే మిగులుతాయి.

కొండదారి:
నాకు ఎప్పటినుంచో ఒక అనుమానం. అది ‘ఉరు’ కాక ‘ఊరు’ ఎందుకు కాకూడదు? ఊరువు అంటే తొడ. ‘ఊరువిఘ్నం’ అంటే తొడలకొచ్చిన విఘ్నం. నవ్వకండి, నూరు మైళ్ళ పరుగులో సగంలో మానేసేవాళ్ళని చూడండి. అమెరికాలో వెస్టర్న్ స్టేట్స్ అనే నూరు మైళ్ళ పోటీ దారిలో ఎక్కేది సుమారు 5,500 మీటర్లు, దిగేది 7,000. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువుని ఆపాలి. కండర పోగులు చిట్లేది అక్కడే. గుండె మాత్రం తీరిగ్గా కొట్టుకుంటుంది, గడియారంలో అంకె తక్కువే చూపిస్తుంది. ‘ఇంకా ఓపికుంది’ అనుకుని మొదటి 50 కిలోమీటర్లూ వాలుల్లో వదిలేసి పరిగెత్తుతారు. 100 దాటాక చదును నేల మీద కూడా మోకాలు వంచలేక కర్ర మనుషుల్లా నడుస్తారు. పోటీకి రెండు మూడు వారాల ముందు ఒక పొడుగాటి దిగుడు పరుగు పెడితే, కండరం ఒకసారి దెబ్బతిని తేరుకుని, రెండోసారి అంత తినదు. అది మరిచినవాళ్ళంతా ఊరువిఘ్నాయత్తులే.

యతిపట్టు:
నవ్వకుండా ఎలా ఉంటామండీ! ఛందస్సు ఒప్పుకోదు. రెండో పాదం నాలుగో గణం సగణం: రు-రు-వి, లఘువు లఘువు గురువు. మీ ‘ఊ’ పెడితే ‘రూ-రు-వి’ అయి రగణమవుతుంది. తొడలు బాగుపడొచ్చు గానీ శార్దూలం కుంటుతుంది.

కొండదారి:
ఛందస్సు లెక్కన ఓడిపోయాను. అనుభవం లెక్కన ఊరుకోను.

పాతప్రతి:
శ్లేష బాగుంది, శాస్త్రం లేదు. ఏనుగు లక్ష్మణకవి దీర్ఘాన్ని హ్రస్వం చేసే రకం కాదు. “తివిరి యిసుమున దైలంబు దీయవచ్చు” అన్న మనిషి. ఆ ‘తివిరి’ చూడండి, ఒక్క మాటలో ప్రయాసంతా పిండాడు. సంస్కృతంలో ‘యత్నతః పీడయన్’ అని రెండు మాటలు పట్టాయి.

నిఘంటువు పురుగు:
తివురు అంటే ప్రయత్నించడమే కాదు, కోరడం కూడా. ‘ఆశపడి ఇసుకలో నూనె తీయవచ్చు’ అని చదివితే పద్యం ఇంకా చేదుగా ఉంటుంది.

కొండదారి:
ఆ ఇసుక పద్యం రెండో పాదం “తవిలి మృగతృష్ణలో నీరు త్రావవచ్చు”. సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన, డెత్ వ్యాలీలో, జూలై ఎండలో మొదలయ్యే 217 కిలోమీటర్ల బ్యాడ్‌వాటర్ పరుగుకి ఇంతకన్నా సరైన తలకట్టు దొరకదు.

కొసరుమాట:
అయ్యా, నా తలకట్టు సంగతి... ప్రజ్ఞానిధుల్ అని ఖాయం చేసుకున్నాను. ఇక్కడ ప్రజ్ఞ అంటే టాలెంటేనా? ‘ఉజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్’ అంటే, ప్రజ్ఞ ఉంది కాబట్టే వదలరు అని కారణం చెబుతున్నాడు కవి. అదే నిజమైతే నూరు మైళ్ళు వదలకుండా ముగించినవాడికి ప్రజ్ఞ ఉన్నట్టే లెక్క.

ఒంటిపుల్ల:
ఆ ప్రజ్ఞ యతికోసం వచ్చిన ప్రజ్ఞ. భర్తృహరిలో ‘ఉత్తమజనాః’ అని ఉంది, ప్రజ్ఞ లేదు. ‘ప్రారబ్ధార్థము’తో పాదం ఎత్తుకున్నాక పదమూడో చోట ‘ప్ర’ కావాలి, కవికి ప్రజ్ఞ దొరికింది. ‘గావునన్’ పాదం చివర మిగిలిన చోటు నింపడానికి. దీనిమీద సిద్ధాంతం కట్టడం ఇసుకలో తైలమే.

యతిపట్టు:
పదమూడో చోట ‘పాపేతరుల్’ అని కూడా వేయవచ్చు, గణాలూ యతీ రెండూ కుదురుతాయి. అయినా ప్రజ్ఞే వేశాడు. యతి చోటు చూపిస్తుంది, మాటను కవే ఎంచుకుంటాడు.

నిఘంటువు పురుగు:
ప్రజ్ఞని టాలెంటు చేయకండి. పాత శ్లోకం ఉంది కదా: స్మృతి గడిచినదానిది, మతి రాబోయేదానిది, బుద్ధి అప్పటికప్పటిది, ప్రజ్ఞ మూడు కాలాలదీ. పుట్టుకతో వచ్చేది ప్రతిభ. దండి ‘నైసర్గికీ చ ప్రతిభా’ అని మొదలుపెట్టి, శ్రుతాన్నీ (చదువు) అభియోగాన్నీ (విడవని సాధన) పక్కన నిలబెట్టాడు. టాలెంటుకి ప్రతిభే సరైన మాట. రోడ్డు రన్నర్‌ది ప్రతిభ, అల్ట్రావాళ్ళది అభియోగం. వ్యాసం అయిపోయింది.

గడియారం:
అంత తేలిగ్గా పంచిపెట్టకండి, అంకెలు చూడండి. 2023 చికాగోలో కెల్విన్ కిప్టుమ్ మారథాన్ 2:00:35. అంటే కిలోమీటరుకి 2 నిమిషాల 51 సెకన్లు. అదే ఏడాది అలెక్సాండర్ సొరోకిన్ 100 కిలోమీటర్లు 6:05:35లో ముగించాడు, కిలోమీటరుకి 3:39. అంటే మారథాన్‌ని 2 గంటల 34 నిమిషాల్లో ముగించే వేగం, రెండు మారథాన్లు దాటినా పడకుండా. 2022లో వెరోనాలో అతనే 24 గంటల్లో 319.614 కిలోమీటర్లు వెళ్ళాడు. సగటున కిలోమీటరుకి 4:30, ఆగిన ప్రతి సెకనూ కలుపుకుని. ఏడున్నర మారథాన్లు, ఒక్కొక్కటి 3 గంటల 10 నిమిషాల చొప్పున. ఇది వట్టి అభియోగమంటే నమ్మను.

ఒంటిపుల్ల:
మీ అంకెలే నా వాదం. ఆ 2:34 మారథాన్ వేగంతో పరిగెత్తేవాళ్ళు ప్రతి ఊరి మారథాన్‌లోనూ ఉంటారు. జిమ్ వామ్స్లీ సంగతి చూడండి. 2019 వెస్టర్న్ స్టేట్స్‌లో 14:09:28, 2023లో యూటీఎంబీ (మాంట్ బ్లాంక్ కొండ చుట్టూ పరుగు) విజేత, కొండదారుల్లో రాజు. 2020లో అట్లాంటాలో ఒలింపిక్ ఎంపిక మారథాన్ పరిగెత్తితే 2:15:05, 22వ స్థానం. ఒక దేశపు ఎంపికలోనే ఆయన ముందు 21 మంది. వాళ్ళంతా అడవిలోకి వస్తే?

గడియారం:
అది ఆయన మొదటి మారథాన్, దారి నిండా మిట్టలు. ఆ మాట వదిలేశారు. ఇక ‘వాళ్ళంతా వస్తే’ అన్నదానికి వచ్చినవాళ్ళున్నారు. రోడ్డు మారథాన్ మేటి అల్బెర్టో సలజార్ 1994లో దక్షిణాఫ్రికా రోడ్డు అల్ట్రా కామ్రేడ్స్ గెలిచాడు. 2008 ఒలింపిక్స్‌లో మారథాన్ పరిగెత్తిన మాగ్డా బూలే 2015లో వెస్టర్న్ స్టేట్స్ గెలిచింది. కాబట్టి రోడ్డు ప్రతిభ పనికొస్తుంది, కాదనను. కానీ దూరం పెరిగేకొద్దీ దాని వాటా తగ్గుతుంది. కామ్రేడ్స్‌లో 2023లో టెటె డిజానా సుమారు 88 కిలోమీటర్లు 5:13:58లో దిగాడు, కిలోమీటరుకి 3:35 వేగం. అక్కడ రోడ్డువాడికి ఇంకా చెల్లుతుంది. 24 గంటల పోటీలో గుండె, ఊపిరి సగం సామర్థ్యం చుట్టుపక్కలే పనిచేస్తాయి. అంత వీఓటూ మ్యాక్స్ (ఒళ్ళు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్) ఉండి ఏం లాభం, వాడే చోటు లేకపోతే?

కొండదారి:
అక్కడ పనికొచ్చేది పొట్ట. రోడ్డు మారథాన్ రెండు గంటల్లో అయిపోతుంది, కండరాల్లో దాచిన గ్లైకోజెన్ చాలావరకు మోస్తుంది. అల్ట్రాలో పరిగెత్తుతూనే తినాలి. ఒక్క గ్లూకోజే అయితే గంటకి సుమారు 60 గ్రాముల దగ్గర పేగు గోడలో దాని ద్వారం నిండిపోతుంది. మిగతాది పొట్టలోనే నిలిచి, నీళ్ళని తనవైపు లాక్కుని గుడగుడలాడుతుంది. ఫ్రక్టోజ్‌కి వేరే ద్వారం. రెండూ రెండు పాళ్ళకి ఒకటి చొప్పున కలిపితే 90 దాకా వెళ్ళొచ్చు. అదీ వారాల తరబడి పొట్టకి అలవాటు చేస్తేనే. అర లీటరు నీటికి 45 గ్రాములు కలిపి గంటకి రెండు సీసాలు అనుకోండి. ఎండ ముదిరితే రక్తం చర్మానికి మళ్ళుతుంది, పొట్టకి తగ్గుతుంది, అదే సీసా వాంతిలో తేలుతుంది. అప్పుడు ఇంకా తాగించకూడదు. పావుగంటో ఇరవై నిమిషాలో నడిపించాలి, వట్టి నీళ్ళు గుక్కగుక్కగా ఇవ్వాలి, తర్వాత ఒక్కో ముక్క. ఇలా కుదిరే పొట్ట కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని నైసర్గిక ప్రతిభ అనక ఏమంటారు?

నిఘంటువు పురుగు:
జఠరాగ్ని అంటారు.

పాతప్రతి:
అందరూ నాలుగో పాదం పట్టుకు వేలాడుతున్నారు, కీలకం మూడోదాంట్లో ఉంది. “ధీరుల్ విఘ్ననిహన్యమానులగుచున్ ధృత్యున్నతోత్సాహులై”. ధృతి! ధృ అంటే నిలబెట్టుకోవడం, పట్టి ఉంచడం. మొదటి గంటలో ఎంత వేగం ఉందన్నది కాదు, ఆరో గంటలో అందులో ఎంత నిలిచిందన్నది. గడియారంగారు చెప్పే వాటా తగ్గడం అంటే ఇదే. ‘నిహన్యమానులగుచున్’ చూడండి, దెబ్బలు తింటూ ఉండగానే, తిన్నాక కాదు. ఆ శత్రర్థకంలోనే (‘అవుతూ’ అన్న అర్థంలోనే) అల్ట్రామారథాన్ అంతా ఉంది.

యతిపట్టు:
‘హన్యమాన’లో ఉన్నది సంస్కృత ప్రత్యయం శానచ్, శతృ కాదు. ‘అగుచున్’ అన్నది శత్రర్థకం. రెండూ కలిపి ఒకే గాటన కట్టారు.

పాతప్రతి:
తమరు దిద్దినందుకు సంతోషం. ధృతి మాటకి జవాబు చెప్పండి.

యతిపట్టు:
ధృతి కూడా ‘ధీ’తో యతికే కదా, మన ఒంటిపుల్లగారి లెక్కన! ధీ–ధృ. అలా అయితే పద్యంలో మిగిలేది నీచమానవులే.

ఒంటిపుల్ల:
పద్యానికి అసలు కష్టం వేరే ఉంది. మానేసినవాళ్ళని మధ్యములంటోంది. 2016లోనూ, టోక్యోలోనూ ఒలింపిక్ స్వర్ణం కొట్టిన కిప్‌చోగె 2024 పారిస్‌లో 30 కిలోమీటర్లు దాటాక ఆగిపోయాడు. ఆయన మధ్యముడా? మేటి రోడ్డు రన్నర్ ఏడాదికి రెండు మారథాన్లకి మించి పెద్దగా వేయడు. ఒళ్ళు సహకరించని రోజున చివరిదాకా ఈడిస్తే తర్వాతి పోటీ కూడా పోతుంది. ఆగడమే లెక్క. మీ త్రైకాలిక ప్రజ్ఞ అంటే అదే అనుకుంటాను.

గడియారం:
ఇది ఒప్పుకుంటాను. ఇంకా పైకి వెళ్ళండి: బ్యాక్‌యార్డ్ అల్ట్రా. గంటకొకసారి 6.706 కిలోమీటర్ల చుట్టు. ఎంత ముందు ముగిస్తే అంత విశ్రాంతి, గంట కొట్టేసరికి గీత దగ్గర లేకపోతే ఔట్. 24 చుట్లు కడితే సరిగ్గా నూరు మైళ్ళు. చివరికి ఒక్కడే మిగిలి ఇంకో చుట్టు ఒంటరిగా పూర్తిచేస్తేనే విజేత. మిగతా అందరూ, రెండో స్థానంవాడితో సహా, కాగితం మీద ‘పూర్తిచేయలేదు’. ఒక్కడు తప్ప అందరూ ‘ఆరంభించి పరిత్యజింతురు’. అక్కడ చుట్టుని 40 నిమిషాల్లో లాగేసేవాడు త్వరగా అలిసిపోతాడు. 50–52 నిమిషాల్లో వచ్చి, బూట్లు విప్పకుండా కూర్చుని, నాలుగు ముద్దలు తిని లేచేవాడు రెండో రోజు చూస్తాడు.

నిఘంటువు పురుగు:
“సాధనమున పనులు సమకూరు ధరలోన” అని వేమన ఒక్క పాదంలో తేల్చేశాడు. అందులో ప్రతిభా లేదు, ప్రజ్ఞా లేదు, యతి కోసం అవస్థా లేదు.

యతిపట్టు:
ఉంది. సాధనకి సమకూరు. సా–స. వేమనకి అవస్థ కనబడనివ్వకపోవడం తెలుసు, అంతే. మొదటి పాదం ‘అనగననగ’కి ‘అతిశయిల్లు’ చూసుకోండి.

కొండదారి:
“తినగ తినగ వేము తియ్యనుండు”. పొట్టకి అలవాటు చేయడం గురించి నేను పైన రాసిందంతా ఆయన నాలుగు మాటల్లో చెప్పేశాడన్నమాట.

కొసరుమాట:
వ్యాసం రేపు ఇచ్చేయాలి. శీర్షికలో ప్రతిభ పెట్టాలా, ప్రజ్ఞ పెట్టాలా, ధృతి పెట్టాలా? ఒక్కటి చెప్పండి చాలు.

పాతప్రతి:
ధృతి.

నిఘంటువు పురుగు:
ప్రతిభ. తలకట్టులో ప్రజ్ఞ ఉంది కనుక శీర్షికలో మళ్ళీ వద్దు.

ఒంటిపుల్ల:
టాలెంట్ అనే రాయండి, అందరికీ తెలుసు. కామ్రేడ్స్ దాకా రోడ్డువాళ్ళదే, ఆ పైన చెప్పలేం అని ఒక వాక్యం చేర్చండి.

గడియారం:
‘చెప్పలేం’ కాదు. దూరం పెరిగితే కొలిచే గుణం మారుతుంది.

పాతప్రతి:
భర్తృహరిని తెలుగు చేసింది లక్ష్మణకవి ఒక్కడే కాదు. ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా చేశారు. వాళ్ళు ‘ఉత్తమజనాః’ని ఏమన్నారో చూడకుండా శీర్షిక పెట్టకండి. ఎవరి దగ్గరైనా పుస్తకం ఉంటే ఆ పేజీ పెట్టండి.

నిఘంటువు పురుగు:
పుస్తకం దొరికేలోగా ఒకటి. ‘ఉజ్జగింపరు’ని అందరూ ‘వదలరు’ అని దాటేశారు. ఉజ్జగించు సంస్కృత ‘ఉజ్ఝ్’ నుంచే వచ్చిందని నా అభిప్రాయం. అయితే ఒత్తు ఎక్కడ పోయింది, ‘గ’ ఎక్కడినుంచి వచ్చింది?

యతిపట్టు:
నాకు అనుమానమే. పొద్దున రాస్తాను.