ఎల్=0 పంపితే ±1 లోకి లీకేజీ: బీమ్ పక్కకి జరిగిందా, వాలిందా?

సాగరతీరం (విశాఖపట్నం):
ఎల్ అంటే బీమ్ చుట్టూ ఒక తిరుగు తిరిగితే కాంతి ఫేజ్ ఎన్ని చుట్లు మారుతుందో చెప్పే అంకె; 0 అంటే మెలిక లేని మామూలు బీమ్. మాది 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్. పంపే వైపు ఒక ఎస్‌ఎల్‌ఎం (పిక్సెల్ పిక్సెల్‌కీ కాంతి ఫేజ్ మార్చే తెర), 2 మీటర్ల అవతల అందుకునే వైపు ఇంకొకటి, పిక్సెల్ 8 మైక్రాన్లు. బీమ్ వ్యాసార్ధం 1 మి.మీ. రెండోదాని మీద వ్యతిరేక గుర్తు ఫోర్క్ హోలోగ్రామ్ (ఎల్‌ని మార్చే, నడుమ ఫోర్కులా చీలిన గీతల నమూనా) వేసి, 10 మి.మీ. ఫోకల్ దూరం లెన్స్‌తో, ఎల్=0 కాంతినే తీసుకునే సింగిల్‌మోడ్ ఫైబర్‌లోకి దింపి పవర్ కొలుస్తున్నాం. ఎల్=0 పంపితే ఉదయం ±1 లో చెరో అర శాతం. మధ్యాహ్నం ఏసీ మాటిమాటికీ ఆగి నడిచే వేళకి +1 లో 5, -1 లో 3 శాతం. ఎల్=1 పంపి కెమెరాలో చూస్తే, నడుమ చీకటిగా ఉండే రింగ్ గుండ్రంగానే ఉంది. ఎక్కడ వెతకాలి?

కాంతిపుంజం:
రింగ్ గుండ్రంగా ఉందంటే పంపే వైపు బీమ్ ఫోర్క్ నడిమికి తగులుతోందని మాత్రమే అర్థం. అవతల అందుకునే వైపు అక్షానికి ఎంత దూరంలో దిగుతోందో రింగ్ చెప్పదు.

వ్యాసార్ధంలో పదో వంతు, అంటే 100 మైక్రాన్లు జరిగితే ±1 లోకి చెరో 0.5 శాతం పోతుంది. 0.3 వంతు జరిగితే చెరో 4. వాలుకి కొలబద్ద డైవర్జెన్స్ కోణం, అంటే బీమ్ పోయేకొద్దీ విచ్చుకునే కోణం. మీ బీమ్‌కి అది 0.2 మిల్లీరేడియన్. అందులో పదో వంతు, 20 మైక్రోరేడియన్లు వాలినా అదే అర శాతం.

ఏ ఒక్కటే ఉన్నా +1, -1 సమానంగా ఉండాలి. 5, 3 వచ్చాయంటే రెండూ ఉన్నాయి, అదీ వేర్వేరు దిశల్లో. ఏది ఎక్కువో పవర్ మీటర్ చెప్పలేదు: 0.3 వంతు జరిగి కాస్త వాలినా, 0.3 వంతు వాలి కాస్త జరిగినా ఇవే అంకెలు.

ఎర్రగీత:
అందుకే రెండు కెమెరాలు కావాలి. రెండో ఎస్‌ఎల్‌ఎం ముందు బీమ్ స్ప్లిటర్ పెట్టి, ఒక కెమెరాని ఎస్‌ఎల్‌ఎం ఎంత దూరంలో ఉందో సరిగ్గా అంత దూరంలో ఉంచండి. అది జరుగుడు చూపిస్తుంది. రెండోదాన్ని 500 మి.మీ. లెన్స్ ఫోకస్‌లో పెట్టండి. అక్కడ 20 మైక్రోరేడియన్లు 10 మైక్రాన్లవుతాయి. 3.45 మైక్రాన్ల పిక్సెల్‌కి దాదాపు మూడు పిక్సెళ్లు, సెంట్రాయిడ్ (వెలుగు మచ్చ కేంద్రం) తీస్తే ఇంకా సన్నగా తెలుస్తుంది.

రెండు కెమెరాల్లోనూ ఏమీ కదలకుండా లీకేజీ పెరిగిందా? అయితే బీమ్‌ది తప్పు కాదు, ఫైబర్ మౌంట్‌ది. మీ 10 మి.మీ. లెన్స్ దగ్గర ఫైబర్ కొస 0.2 మైక్రాన్ జరిగితే అది 20 మైక్రోరేడియన్ల వాలుతో సమానం. ఏసీ గాలి తిన్నగా దాని మీద పడితే నాకు మొదటి అనుమానం అక్కడే.

సాగరతీరం:
సరిచేయడం అద్దాల స్క్రూలతోనా అండీ?

ఎర్రగీత:
ఉదయం మోటుగా కుదర్చడానికి మాత్రమే. మామూలు మౌంట్‌లో స్క్రూ ఒక చుట్టుకి అద్దం 8 మిల్లీరేడియన్లు తిరుగుతుంది, బీమ్ దానికి రెట్టింపు. 20 మైక్రోరేడియన్లంటే చుట్టులో 800వ వంతు, చేతికి అందదు. మిగతాది రెండో ఎస్‌ఎల్‌ఎం మీదే చేయండి. ఫోర్క్‌ని అడ్డంగా అయిదు చోట్లకి, 10 పిక్సెళ్ల చొప్పున జరిపి, కొలిచిన లీకేజీకి పారాబొలా గీసి అడుగు పట్టుకోండి. తర్వాత నిలువుగా. వాలుకి లీనియర్ ఫేజ్ (ఒక వైపుకి సమంగా పెరుగుతూ పోయే ఫేజ్) కలపండి. 20 మైక్రోరేడియన్లకి 31.6 మి.మీ.కి ఒక పూర్తి తరంగం.

ఒక్క జాగ్రత్త: తగ్గించాల్సింది +1, -1 ల మొత్తాన్ని. +1 ఒక్కదాన్నే చూస్తూ తిప్పితే, జరుగుడుని వాలు కొట్టేసి అది సున్నాకి వస్తుంది. -1 మాత్రం పైకి పోతుంది. బాగుపడిందనుకుని అక్కడే ఆగిపోతారు.

కాంతిపుంజం:
ఇంకొకటి. ఎల్=2 పైన నడిమి చీకటి చుక్క రెండు మూడుగా చీలితే దాన్ని అలైన్‌మెంట్ ఖాతాలో వేయకండి; జీరో ఆర్డర్ కాంతి (హోలోగ్రామ్ మలచకుండా వదిలేసింది) కలవడమో, ఆస్టిగ్మాటిజమో (అడ్డంగా, నిలువుగా ఫోకస్ వేర్వేరు చోట్ల పడడం) అయి ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపి, బీమ్ దారికి అట్టపెట్టె మూత వేయండి. ఏసీ చల్లదనంలో ఉన్న అద్దాల మీదికి మన ఊరి తేమగాలి రానిచ్చారా, క్షణాల్లో మంచు పట్టి చెదురుకాంతి వస్తుంది. ఏసీ ఆపాక అద్దాలు గది వేడికి వచ్చేదాకా తలుపు తీయకండి.