బ్రెక్‌నక్‌షైర్ పేరు, చరిత్ర: తెలిసినవారు చెప్పగలరు

కార్డిఫ్ వాసి:
పాత పుస్తకాల దుకాణంలో 1950ల నాటి వేల్స్ పటం ఒకటి కొన్నాను. అందులో 'బ్రెక్‌నక్‌షైర్' అనే కౌంటీ ఉంది. ఏ470 రోడ్డు మీద వెళ్తుంటే పలకలపై 'అబెర్‌హొన్ది', 'బ్రెకన్' అనే పేర్లే కనిపిస్తాయి. ఈ పేర్లకు సంబంధమేమిటి? ఆ కౌంటీ ఏమైంది?

పటాల ప్రియుడు:
బ్రెకన్, బ్రెక్‌నక్ రెండింటికీ మూలం ఒకటే. అయిదో శతాబ్దపు వాడని చెప్పే బ్రఖన్ రాజు పేరుకు, 'అతని ఏలుబడిలోని సీమ' అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరి 'బ్రఖైన్యోగ్' ఏర్పడగా, ఇంగ్లీషువారి నోట అది బ్రెక్‌నక్‌గా మారింది. అబెర్‌హొన్ది మాత్రం బ్రెకన్ పట్టణానికి వెల్ష్ పేరు. హొన్ది అనే ఏరు అస్క్ నదిలో కలిసే చోటని దాని అర్థం. కోట దిగువన నిలబడితే ఆ సన్నని ఏరు పెద్ద నదిలో కలిసిపోవడం చూడవచ్చు, ఆ తరువాత ఇక అర్థం అడగవలసిన పని ఉండదు.

పదకొండో శతాబ్దం చివర నార్మన్ ప్రభువు బెర్నార్డ్ ద నఫ్‌మార్షే ఈ రాజ్యాన్ని గెలుచుకున్నాడు. ఎనిమిదో హెన్రీ కాలపు చట్టంతో ఇది కౌంటీ అయింది. 1974 ఏప్రిల్ 1న కౌంటీ రద్దయి, కొత్త కౌంటీలైన పోవిస్‌లో అధిక భాగం, గ్వెంట్‌లో బ్రిన్‌మౌర్ ప్రాంతం, మిడ్ గ్లమోర్గన్‌లో పెండెరిన్, వైనర్ ఊళ్లు చేరాయి. పోవిస్‌లో బ్రెక్‌నక్ పేరుతో మిగిలిన జిల్లా కూడా 1996లో పోయింది.

వెల్ష్ నేర్చుకుంటున్న గృహిణి:
వెల్ష్‌లో ఈ కౌంటీ పేరు 'సీర్ వ్రఖైన్యోగ్'. 'సీర్' స్త్రీలింగ పదం కనుక దాని తరువాతి బకారం వకారమవుతుంది. మన గసడదవాదేశ సంధిలో పకారం వకారమైనట్లే ఇదీ అనిపించి, నాకు చాలా సంతోషం కలిగింది.

బ్రెకన్ నివాసి:
పటాల ప్రియుడు గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. 886 మీటర్ల పెన్ అ వాన్ శిఖరం ఉన్న ఇక్కడి జాతీయ ఉద్యానం, 2023 ఏప్రిల్‌లో 'బ్రెకన్ బీకన్స్' పేరు విడిచి 'బన్నై బ్రఖైన్యోగ్' అనే వెల్ష్ పేరునే స్వీకరించింది. బ్రఖన్ పేరు కొండల మీద మళ్లీ నిలవడం నాకు న్యాయమనిపించింది. మా వీధిలోని పెద్దవారు మాత్రం ఇప్పటికీ తమది బ్రెకన్‌షైర్ (బ్రెక్‌నక్‌షైర్‌కే మరో పేరు) అనే చెబుతారు.

కార్డిఫ్ వాసి:
అందరికీ కృతజ్ఞతలు. పటం మళ్లీ పరచి చూశాను. బ్రిన్‌మౌర్ దక్షిణపు అంచున, సరిహద్దు గీతకు లోపలే ఉంది.