మనుషుల కదలికలకు ఏ మోడల్ వాడుతున్నారు?

ఎంటెక్ కుర్రాడు:
నెట్‌వర్క్ సిమ్యులేటర్ ఎన్‌ఎస్-3లో రాండమ్ వేపాయింట్ (ప్రతి నోడ్, అంటే ఫోన్ పట్టుకున్న మనిషి, ఏదో ఒక పాయింటు, ఏదో ఒక వేగం ఎంచుకుని వెళ్లే మోడల్) పెట్టి ఫలితాలు చూపిస్తే మా గైడ్ "మనుషులు దోమల్లా తిరుగుతారా?" అన్నారు. స్నేహాలు, గుంపులు లెక్కలోకి వచ్చే మోడల్ కావాలట. ఏది తేలిక? అసలు ట్రేసులు (నిజం మనుషుల కదలికల రికార్డులు) ఎక్కడ దొరుకుతాయి?

డ్రైవ్‌టెస్ట్ బాబాయ్:
మీ గైడ్ అన్నది నిజం. భోగికి ముందు కూకట్‌పల్లి సైట్లు (టవర్లు) ఖాళీ, చౌటుప్పల్ దారిలో సైట్లు ఫుల్లు. అందరూ ఒకే పూట, ఒకే దారిన బయలుదేరతారు. ఆఫీసులో చెబితే వినేవాడు లేడు, తిట్లు మాత్రం మాకే.

సున్నా శత్రువు:
అవన్నీ తర్వాత. కనీస వేగం సున్నా పెట్టారా? దూరపు పాయింటు, సున్నాకు దగ్గర వేగం పడిన నోడ్ ఇక దారిలోనే ఉండిపోతుంది. అలాంటివి పోగయ్యేకొద్దీ సగటు వేగం పడిపోతూనే ఉంటుంది. 2003లోనే తేల్చేశారు.

కోడ్ కిట్టు:
సిమ్యులేషన్‌లో మొదటి వెయ్యి సెకన్ల ఫలితాలు తీసేస్తే సరి. ఇంత రాద్ధాంతం ఎందుకు?

సున్నా శత్రువు:
సరి కాదు! కనీస వేగం సున్నా అయితే లక్ష సెకన్లు తీసేసినా నిలకడకు రాదు. చదివి మాట్లాడండి.

కోడ్ కిట్టు:
చదివే మాట్లాడుతున్నా. కాస్త మర్యాద.

ప్లానింగ్ పెద్దాయన:
జీఎస్ఎం కొత్తల్లోనే టవర్లు వేయించినవాణ్ణి. బిజీ అవర్ (రోజులో రద్దీ ఎక్కువుండే గంట) ట్రాఫిక్ చాలు. ఎవడికి ఎవడు స్నేహితుడో టవర్‌కెందుకు?

లత:
సిగ్నలింగ్ లోడ్ (ఫోన్లు, నెట్‌వర్క్ మధ్య నడిచే కబుర్ల బరువు) మాటేంటి సార్? ట్రాకింగ్ ఏరియా (ఫోన్ ఎక్కడుందో నెట్‌వర్క్ గుర్తుపెట్టుకునే టవర్ల గుంపు) హద్దు మెట్రో లైన్ మీద పడితే, రైలు దాటిన ప్రతిసారీ బోగీల్లోని ఫోన్లన్నీ ఒక్కసారే అప్‌డేట్ పంపుతాయి. కలిసి కదిలేవాళ్లను విడివిడి నోడ్లుగా లెక్కేస్తే ఆ తాకిడి కనబడదు.

డ్రైవ్‌టెస్ట్ బాబాయ్:
మెట్రో అంటే గుర్తొచ్చింది, అమీర్‌పేట స్టేషన్‌లో సాయంత్రం ఎవరికైనా డేటా నడుస్తోందా?

పోస్ట్‌డాక్ పద్మ:
తమ్ముడూ, పరిశోధకులు ముసోలెసీ, మాస్కోలోల 2006 కమ్యూనిటీ మోడల్‌తో మొదలుపెట్టు. ఎవరికెవరు ఎంత దగ్గరో మాట్రిక్స్ ఇస్తే, నోడ్ మ్యాప్‌లో తనవాళ్లున్న గడివైపు వెళ్తుంది. చిక్కేమిటంటే ఒకడు గడి మారితే గుంపంతా వెనకాలే పోతుంది. తర్వాతొచ్చిన హెచ్‌సీఎంఎం అనే మోడల్‌లో ప్రతి నోడ్‌నూ దాని సొంత గడి లాగేలా పెట్టి దాన్ని సరిచేశారు. ట్రేసులకు క్రాడాడ్ అనే డేటా భండారం చూడు, ఇప్పుడు ఐఈఈఈ డేటాపోర్ట్‌లో ఉంది.

సున్నా శత్రువు:
ఆ మోడల్‌లోనూ వేగం కింది హద్దు చూసుకో.

కోడ్ కిట్టు:
వెయ్యి సెకన్లు తీసేసే నా థీసిస్ పాసైంది బాబూ.