మాట్లాడే చిలకను పెంచుకోవాలనుకుంటున్నాం, ఏది తీసుకోవాలి?

కొర్లగుంట కోడలు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లో నేను, మా ఆయన, ఏడో తరగతి చదివే పాప, మా మామయ్య. పగలంతా ఇంటిపట్టున ఉండేది మామయ్య ఒక్కరే. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్య పోయాక ఆయన మాటలు బాగా తగ్గిపోయాయి. పాప మాట్లాడే చిలక కావాలని పట్టుబడితే, "తెండమ్మా, నేను చూసుకుంటా" అన్నారు. ఆయన నోట ఫలానాది కావాలన్న మాట విని చాలా రోజులైంది. అందుకే అన్నీ తెలుసుకుని తేవాలని ఉంది.

తెలిసినాయన ఒకరు పుత్తూరు వైపు మామిడి తోటల్లోంచి రామచిలక పిల్లను తెచ్చిస్తానన్నారు. షాపులో అడిగితే ఆఫ్రికన్ గ్రే అనే బూడిద రంగు చిలకను తీసుకోమన్నారు. అచ్చం మనిషిలా మాట్లాడుతుందట, కానీ ధర వినగానే టెన్షన్ పట్టుకుంది. తల మీద కుచ్చు ఉండే కాకటీల్, అంతకంటే చిన్న చిలక జాతి బడ్జీ పిట్టలు కూడా చూపించారు. మాది రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వరండా. ఏది మేలు? ఎన్నాళ్లకు మాట్లాడుతుంది?

పుత్తూరు తోట:
అమ్మా, రామచిలక ఆలోచన మానుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. భుజం మీద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలకకూ ఇదే వర్తిస్తుంది. ఊరంతా పెంచుతున్నారు కదా అని ఎవరైనా అంటే వినొద్దు.

చట్టం ఒక ఎత్తు. మా గట్టు మీది చెట్ల తొర్రల్లో చిలకలు పిల్లల్ని పెడతాయి. కళ్లు కూడా తెరవని పిల్లల్ని చెయ్యి పెట్టి లాగేస్తారు. తల్లి చిలక ఆ చెట్టు చుట్టూనే అరుస్తూ తిరుగుతుంది. పిల్లల్లో కొన్ని సంచిలోనే చచ్చిపోతాయి. కాయ మీద చిలకలు పడితే మాకు నష్టమే, అయినా ఈ పని మాత్రం చూడలేం.

చిత్తూరు అక్క:
పుత్తూరు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మిగతా మూడింటి గురించి నేను చెప్తాను చెల్లీ. మా ఇంట్లో గ్రే ఉంది.

ముందు మీ పాప వయసు, మామయ్య వయసు పక్కపక్కన పెట్టి చూడండి. గ్రేను బాగా చూసుకుంటే నలభై, యాభై ఏళ్లు బతుకుతుంది. అంటే మీ పాపకు మనవళ్లు పుట్టే వయసు వచ్చినా అది ఉంటుంది. మామయ్య తర్వాత ఎవరు చూసుకుంటారు? పాప చదువుకని చెన్నైకో బెంగళూరుకో వెళ్తే? గ్రే ఒక మనిషికి అలవాటైపోతుంది. మేం పెళ్లికని ఊరెళ్తే మాది తిండి మానేసి రొమ్ము మీది ఈకలు పీక్కుంది. తెలివైన పక్షికి ఒంటరితనం జబ్బు తెచ్చిపెడుతుంది. అమెరికాలో అలెక్స్ అనే గ్రే ఉండేది. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977 నుంచి 2007లో అది చనిపోయేదాకా దానికి రంగులు, ఆకారాలు, లెక్క నేర్పారు. అలాంటి బుర్రను పంజరంలో పెట్టి, గింజలు పోసి వదిలేస్తే పాపం కదా.

గ్రేకి కాగితాలు కూడా కావాలి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. బిల్లు లేకుండా ఇస్తామంటే అక్కడి నుంచి వచ్చేయండి. బడ్జీకి, కాకటీల్‌కి ఈ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

కాకటీల్ మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది, మగది పాటలు చక్కగా ఈల వేస్తుంది. మాటలు మాత్రం తక్కువే. ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతూ ఉంటుంది, గ్రే కూడా అంతే. ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందా?

మీ ఇంటికి నేను చెప్పేది మగ బడ్జీ, ఒక్కటే. చిన్న పిట్ట అని తీసిపారేయకండి. అమెరికాలో పక్ అనే మగ బడ్జీ 1,728 మాటలతో గిన్నిస్ రికార్డుకెక్కింది. మామూలు బడ్జీలు కొద్ది మాటలే పలుకుతాయి, కొన్ని అసలు పలకవు. మాట్లాడకపోయినా ప్రేమగా చూసుకుంటామనుకుంటేనే తెచ్చుకోండి. పెద్దయిన మగదానికి ముక్కు పైభాగం నీలంగా, ఆడదానికి గోధుమరంగులో ఉంటుంది. జంటను తెస్తే వాటి లోకం వాటిదే, మీ మాట పట్టించుకోవు. ఒక్కదాన్నే తెస్తే పగలంతా పక్కన మనిషి ఉండాలి. మీకు మామయ్య ఉన్నారు.

నేర్పేది కూడా ఆయనే కావాలి. రోజూ పొద్దున పంజరం మీది గుడ్డ తీస్తూ ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పాలి. మొదట గొణుగుతుంది. కొన్ని వారాలకో నెలలకో మాట తేలుతుంది. దాని గొంతు సన్నగా, గబగబా వస్తుంది కాబట్టి మామయ్యకు వినికిడి ఎలా ఉందో చూసుకోండి.

తిండికి కొర్రలు మన దగ్గర దొరికేవే. కొత్తిమీర, క్యారెట్ తురుము కూడా పెట్టండి. అవకాడో, చాక్లెట్, కాఫీ విషం. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకు పక్షి నిమిషాల్లో చచ్చిపోతుంది, పంజరం వంటింటి దగ్గర వద్దు. సాంబ్రాణి పొగ కూడా తగలనివ్వకండి. పంజరంలోంచి బయటికి వదిలినప్పుడు ఫ్యాన్ ఆపాలి.

కొర్లగుంట కోడలు:
అక్కా, చాలా థ్యాంక్స్. మామయ్యకు వినికిడి బాగానే ఉంది. చలికాలంలో మాత్రం ఆయాసం వస్తుంది. అయితే కాకటీల్, గ్రే రెండూ వద్దు. బడ్జీ పర్వాలేదా? దానికి బాగాలేకపోతే ఎక్కడ చూపించాలి?

చిత్తూరు అక్క:
బడ్జీకి పొడి తక్కువే కానీ అసలు లేకపోలేదు. తెచ్చేముందు మామయ్యను చూసే డాక్టరునే అడగండి, ఆయన వద్దంటే వద్దు. పంజరం మామయ్య పడుకునే గదిలో కాకుండా హాల్లో పెట్టండి. అడుగు కాగితం రోజూ మార్చాలి, ఆ పని మీరో పాపో చేయండి. ఎండిన రెట్ట దుమ్ము ఆయాసం ఉన్నవాళ్లకు మంచిది కాదు.

వైద్యానికి మీరు దూరం వెళ్లక్కర్లేదు. తిరుపతిలోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, అక్కడి పశువైద్యశాలలో పక్షుల గురించి ముందే కనుక్కుని పెట్టుకోండి. పిట్టలు జబ్బును దాచుకుంటాయి. ఈకలు ఉబ్బించుకుని కూర్చున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతున్నా ఆ రోజే తీసుకెళ్లాలి.