పార్టీ మారిన ముస్లిం ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు: చట్టం ఎక్కడ పట్టుకుంటుంది, ఓట్లు ఎక్కడ తేడా కొడతాయి?

వన్‌టౌన్_రీడర్:
ముస్లిం నాయకుడెవరైనా కండువా మార్చగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. ఒకళ్లు "కౌమ్‌ని (ముస్లిం సమాజాన్ని) అమ్మేశాడు" అంటారు, ఇంకొకళ్లు "ఇప్పటికి బుద్ధొచ్చింది" అంటారు. అదే పని వేరే కులం నాయకుడు చేస్తే "రాజకీయాల్లో మామూలే" అని వదిలేస్తారు. 2025 మేలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి డిప్యూటీ చైర్‌పర్సన్ జకియా ఖానమ్ వైఎస్సార్సీపీకి రాజీనామా చేసి బీజేపీలో చేరినప్పుడూ ఇదే తంతు. నా సందేహాలు మూడు. ఫిరాయింపు చట్టం వీళ్లకు ఎలా వర్తిస్తుంది? నామినేటెడ్ ఎమ్మెల్సీకి లెక్క వేరా? హిందూ ముస్లిం ఓట్ల లెక్క నిజంగా ఈ మార్పులను నడిపిస్తుందా, లేక అది పైపై మాటేనా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. తిట్లు వద్దు.

పదో_షెడ్యూల్:
చట్టం సంగతి నేను చెప్తాను. ఫిరాయింపు చట్టమంటే రాజ్యాంగం పదో షెడ్యూలే. అందులో మతం ప్రస్తావనే లేదు. చూసేది సభ్యుడు ఏ దారిన సభకొచ్చాడన్నదే.

పార్టీ గుర్తు మీద గెలిచినవాళ్లకు పేరా 2(1) వర్తిస్తుంది. పార్టీ సభ్యత్వం స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్ (సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరించినా వేటే. (విప్ ధిక్కరణను పార్టీ 15 రోజుల్లోగా మన్నిస్తే బతికిపోతాడు.) "నేను రాజీనామా లెటర్ ఇవ్వలేదుగా" అన్న వాదన నిలవదు. నడవడికను బట్టి కూడా వదులుకున్నట్టు తేల్చవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే రవి నాయక్ కేసులో చెప్పింది.

నామినేటెడ్ వాళ్లకు పేరా 2(3) ఉంది. సీట్లో కూర్చున్న ఆరు నెలల్లోపు ఏదో ఒక పార్టీలో చేరొచ్చు, ఆ తర్వాత చేరితే అనర్హత. ఇక్కడ చాలామంది మర్చిపోయేదొకటుంది: నామినేట్ అయ్యేనాటికే ఒక పార్టీ సభ్యుడైతే చట్టం దృష్టిలో అతను ఆ పార్టీవాడే. జకియా ఖానమ్ 2020 జులైలో గవర్నర్ కోటాలో వచ్చారు. 2025 నాటికి ఏ పేరా కింద చూసినా, పదవిలో ఉండగా పార్టీ మారే వీలు లేదు. అందుకే ముందు రాజీనామా, ఆ వెంటనే కండువా. పద్ధతి ప్రకారం అదే సరైన దారి.

ఆవిడ విషయంలో ఇంకో మెలిక. పేరా 5లో సభాధ్యక్ష స్థానాల్లో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, మండలి డిప్యూటీ చైర్మన్‌కూ వర్తిస్తుంది. కానీ అది పదవికి ఎన్నికైనందుకు పార్టీకి దూరంగా ఉండటానికి, ఇంకో పార్టీలోకి దూకడానికి కాదు. రాజీనామాలు కూడా రెండు: డిప్యూటీ పదవికి 183వ అధికరణ, సభ్యత్వానికి 190(3)(బి). రెండోది చైర్మన్ ఆమోదిస్తేనే ఖాళీ. అది ఇష్టపూర్వకంగా ఇచ్చిందా, అసలైనదేనా అని విచారించే అధికారం ఆయనకుంది. ఆ విచారణకు గడువు రాయలేదు. చైర్మన్ ఒక పార్టీ నుంచి వచ్చి, ప్రభుత్వం ఇంకొకరిదైతే ఆ కాగితం ఎన్నాళ్లు బల్లమీద ఉంటుందో ఊహించుకోండి.

పశ్చిమ_బూత్:
లాయర్ గారు చెప్పింది చట్టం. క్షేత్రంలో ఎలా ఉంటుందో ఒక్క విజయవాడ పశ్చిమ చూస్తే చాలు.

1999లో అక్కడ జలీల్ ఖాన్ కాంగ్రెస్ నుంచి గెలిచారు. 2004లో సీపీఐ నుంచి నాసర్ వలీ. 2009లో ప్రజారాజ్యం తరఫున వెలంపల్లి శ్రీనివాస్. 2014లో జలీల్ ఖాన్ వైఎస్సార్సీపీ, వెలంపల్లి టీడీపీ పొత్తులో బీజేపీ. స్వల్ప తేడాతో జలీల్ ఖాన్ బయటపడ్డారు. 2016లో ఆయన టీడీపీలోకి వెళ్లారు, వెలంపల్లి వైఎస్సార్సీపీలోకొచ్చారు. 2019లో జలీల్ ఖాన్ కూతురు షబానా ఖాతూన్ టీడీపీ అభ్యర్థి, వెలంపల్లి చేతిలో ఓడారు. అంటే అయిదేళ్లలో ఇద్దరూ జెండాలు మార్చుకున్నారు, ఓటర్లు మాత్రం అవే వీధుల్లో వాళ్లే. 2014లో బీజేపీ గుర్తుతో నిలబడ్డాయన 2019లో వైఎస్సార్సీపీ అభ్యర్థిగా విద్యాధరపురం, భవానీపురం గల్లీల్లో ముస్లిం ఓటు అడిగారు.

పదవులు చూడండి. జలీల్ ఖాన్‌కు దక్కింది వక్ఫ్ బోర్డు చైర్మన్ గిరీ. దుర్గ గుడి ఉన్న అదే నియోజకవర్గం నుంచి వెలంపల్లికి దేవాదాయ మంత్రి పదవి. మన పార్టీలకు మైనారిటీ నాయకుడంటే మైనారిటీ శాఖ, వక్ఫ్, ఉర్దూ అకాడమీ. అంతకు మించి చేయి కదలదు. 2014-19 టర్మ్‌లో వైఎస్సార్సీపీ నుంచి మొత్తం 23 మంది ఎమ్మెల్యేలు టీడీపీలోకి ఫిరాయించారు. 2017 ఏప్రిల్‌లో వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు, అందులో ముస్లిం ఒక్కరూ లేరు. జలీల్ ఖాన్, కదిరి చాంద్ బాషా ఇద్దరూ ఆ 23లోనే ఉన్నారు. చాంద్ బాషాకైతే 2019లో టికెట్టే రాలేదు, కదిరి సీటు కందికుంట వెంకటప్రసాద్‌కు వెళ్లింది. కాబట్టి "అమ్ముడుపోయాడు" అనేవాళ్లు రేటు కూడా చూడాలి. చాలా తక్కువకే పోయారు.

2024లో పశ్చిమ సీటు పొత్తులో బీజేపీకి పోయింది. సుజనా చౌదరి 47 వేలకు పైగా మెజారిటీతో వైఎస్సార్సీపీ షేక్ ఆసిఫ్‌పై గెలిచారు. ఒక్క మతం ఓట్లతో ఆ సీట్లో ఎవరూ గట్టెక్కలేరు. వైశ్యులు, నగరాలు కులస్థులు, మార్వాడీ వ్యాపారులు, ముస్లింలు అందరూ కలిస్తేనే అంకె.

నాంపల్లి_నోట్స్:
ఆంధ్ర లెక్క ఇటు తెచ్చి పెట్టకండి అన్నా. తెలంగాణలో 2023లో గెలిచిన ముస్లిం ఎమ్మెల్యేలు ఏడుగురు, ఏడుగురూ మజ్లిస్ (ఎంఐఎం), అందరూ హైదరాబాద్‌వాళ్లే. కాంగ్రెస్ నుంచి సున్నా, బీఆర్‌ఎస్ నుంచి సున్నా. ఫిరాయించడానికి ఎమ్మెల్యే అనేవాడు ఉండాలి కదా! నిజామాబాద్ అర్బన్‌లో కాంగ్రెస్ నేత షబ్బీర్ అలీ బీజేపీ చేతిలో ఓడారు. జూబ్లీహిల్స్‌లో కాంగ్రెస్ అభ్యర్థి అజారుద్దీన్ ఓడారు, అక్కడ మజ్లిస్ కూడా అభ్యర్థిని పెట్టింది. అందుకే 2025 అక్టోబరు 31న అజారుద్దీన్ మంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. సభ్యుడు కాకున్నా మంత్రిగా ఉండేందుకు రాజ్యాంగం 164(4) అధికరణ ఇచ్చే ఆరు నెలల వెసులుబాటు మీద వచ్చారు. అదీ జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకు పదకొండు రోజుల ముందు.

ఆ ఉప ఎన్నిక గెలిచిన నవీన్ యాదవ్ సంగతి మీ ప్రశ్నకు అసలైన జవాబు. 2014లో ఆయన అదే సీట్లో మజ్లిస్ అభ్యర్థి, రెండో స్థానం. 2025లో కాంగ్రెస్ గుర్తు, మజ్లిస్ మద్దతు. ఒక యాదవుడు మజ్లిస్ నుంచి కాంగ్రెస్‌కు వస్తే ఎవరూ కౌమ్ గురించి గానీ ధర్మం గురించి గానీ పెద్దగా మాట్లాడలేదు.

రిజర్వేషన్ మరో కారణం. జహీరాబాద్ నుంచి కాంగ్రెస్ తరఫున రెండుసార్లు గెలిచి మంత్రి అయిన ఫరీదుద్దీన్‌కు 2009 నాటికి ఆ సీటే లేదు, పునర్విభజనలో ఎస్సీ రిజర్వుడు అయింది. అంబర్‌పేట వెళ్లి ఓడారు, 2014లో టీఆర్‌ఎస్‌లో చేరారు, తర్వాత ఎమ్మెల్సీ. ముస్లింలు గణనీయంగా ఉన్న సీట్లు కొన్ని ఇలా రిజర్వు కావడాన్ని ముస్లింల స్థితిగతులపై కేంద్రం వేసిన సచార్ కమిటీ కూడా ఎత్తిచూపింది. సొంత సీటు లేని నాయకుడికి మిగిలేది ముఖ్యమంత్రి చేతిలో ఉండే మండలి సీటు. ఆ సీటు ఎవరి చేతిలో ఉంటే అటు పోతాడు.

వన్‌టౌన్_రీడర్:
బాగుంది, థ్యాంక్స్. మరి ఎవరైనా మారారనిపిస్తే పిటిషన్ వేయడం ఎలా? ఎక్కడ బెడిసికొడుతుంది?

పదో_షెడ్యూల్:
పిటిషన్ స్పీకర్‌కి లేదా మండలి చైర్మన్‌కి. సభ నియమాల్లో సభ్యుడే వేయాలని ఉన్నా, ఆసక్తి ఉన్న ఎవరైనా వేయవచ్చని 2013లో ఒడిశా కేసులో సుప్రీంకోర్టు అంది. వాస్తవాలు తేదీలవారీగా రాయాలి, ఆధారాల నకళ్లు జతచేయాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సంతకంతో ధ్రువీకరించాలి. ధ్రువీకరణలో లోపముంటే ఎదుటివాళ్లు మొదట పట్టుకునేది అదే.

ఆధారాల్లో కండువా ఫొటో అన్నిటికన్నా బలహీనం. "నియోజకవర్గ పనుల కోసం ముఖ్యమంత్రిని కలిశాను, మర్యాదకు కప్పారు" అంటారు. గట్టిది ఫారం-బి, అంటే ఈయనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం. దానం నాగేందర్ బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. అలాంటి కాగితం ఉంటే వాదన తేలిక. తర్వాతి స్థానం కొత్త పార్టీ వేదిక మీద మాట్లాడిన వీడియోది, ముక్క కాకుండా పూర్తిగా ఉండాలి.

విలీనం జరిగిందంటే మాత్రం పేరా 4 చూడండి, మూడింట రెండొంతుల మంది కావాలి. మూడోవంతు చీలిక మినహాయింపు 2003లో 91వ సవరణతో పోయింది. 2018 డిసెంబరులో తెలంగాణ మండలిలో కాంగ్రెస్ పక్షాన్ని టీఆర్‌ఎస్‌లో కలిపింది ఈ పేరా పట్టుకునే. దాంతో షబ్బీర్ అలీ ప్రతిపక్ష నేత హోదా పోయింది.

ఎక్కువ కేసులు చచ్చేది ఆలస్యం వల్ల. 2014-19లో ఆ 23 మంది మీద పిటిషన్లు టర్మ్ అయిపోయేదాకా తేలలేదు. 2020 మేఘచంద్ర సింగ్ తీర్పు సాధారణంగా మూడు నెలలంది, 2025 జులై 31న తెలంగాణ పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేల కేసులోనూ సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలల గడువే పెట్టింది. కాబట్టి పిటిషన్ ఇచ్చిన రోజే రసీదు తీసుకోండి, మూడు నెలలు దాటగానే హైకోర్టుకు వెళ్లండి.

పశ్చిమ_బూత్:
ఒక్కటి కలుపుతా. పార్టీ మారిన నాయకుడి వెంట ముస్లిం ఓటు కదిలి వెళ్తుందన్నది పార్టీ ఆఫీసుల్లో చేసే లెక్క. 2025లో వక్ఫ్ సవరణ బిల్లుకు టీడీపీ లోక్‌సభలో అనుకూలంగా ఓటేసింది, వైఎస్సార్సీపీ వ్యతిరేకించింది. మసీదు కమిటీల్లో అడిగేది ఆ ఓటు గురించి. ఎవరు ఏ కండువాలో ఉన్నారన్నది ఆ తర్వాతే.