వేల్ షార్క్ మచ్చల్లో కలిసిపోతున్న ఎండ మెరుపుల్ని ఎలా తీసేయాలి?

విశాఖ నుంచి వేటకెళ్లిన మా బావ బోటు పక్కకే ఓ వేల్ షార్క్ వచ్చింది. చేపకేమీ కాలేదు, 2001 నుంచి దాన్ని పట్టడం నేరమని బోటులో అందరికీ తెలుసు. బావ యాక్షన్ కెమెరాని కర్రకి కట్టి నీళ్లలోకి దించి వీడియో తీశాడు. టైం 11 దాటింది, ఎండ నెత్తిన ఉంది, 1080పీ, 30 ఫ్రేములు, మిగతా సెట్టింగులన్నీ ఆటో.

ఒక్కో వేల్ షార్క్‌కి మచ్చలు ఒక్కో తీరుగా ఉంటాయి. ఎడమ వైపు చివరి మొప్ప చీలిక వెనకున్న మచ్చల్ని, నక్షత్రాల ఫొటోలు పోల్చే లెక్కతోనే పోల్చి ఇది ఏ చేపో చెప్తారు. ఆ భాగం వీడియోలో బాగానే పడింది గానీ దాని మీద ఎండ తెల్లటి వలలా పరుచుకుని కదులుతోంది, మచ్చలు పోల్చే సాఫ్ట్‌వేర్ అవి కూడా మచ్చలే అనుకుంటోంది.

వెలుగు తగ్గించాను, చిన్న మచ్చలు పోయాయి. బ్లాక్ అండ్ వైట్ చేశాను, తేడా లేదు. వరస ఫ్రేముల సగటు తీస్తే చేప ఈదుతోంది కాబట్టి మచ్చలు గీతల్లా సాగిపోయాయి. మళ్లీ తీద్దామంటే కుదరదు, దాని తిండి అయిన ప్లవకాలు (నీళ్లలో తేలాడే చిన్న జీవులు) ఎక్కడ దండిగా ఉంటే అటు పోయే జీవి అది. ఇదే చేప ఇంకెక్కడైనా కనబడిందని తేలితే బంగాళాఖాతంలో దాని దారి కొంతైనా తెలుస్తుంది కదా.

కదిలే చేప ఫ్రేముల్ని మచ్చల ఆధారంగా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చి, మెరుపుల్ని మాత్రమే తీసేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా మీలో ఎవరైనా వాడారా?