పని చోట దెబ్బ తగిలితే ఆసుపత్రి కాగితంలో ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాశారు. ఏం చేయాలి?

మేస్త్రీకొడుకు:
మా నాన్నగారు తాపీ మేస్త్రీ. 2023లో పరంజా మీద నుంచి పడి కుడి మణికట్టు నుజ్జయింది. ప్లేటు వేశారు, ఎముక అతుక్కుంది, కానీ చెయ్యి తిరగదు. తాపీతో సిమెంటు తీస్తే గోడకు చేరేలోపే వణికి జారిపోతుంది. పరిహారం కోసం కేసు వేశాం. బీమా లాయరు డిశ్చార్జి కాగితం చూపించారు. అందులో ‘ఇంట్లో మెట్ల మీద జారిపడి’ అని ఉంది! ఆ రోజు నాన్నకు స్పృహ లేదు. వెంట వెళ్లింది కాంట్రాక్టరు మనిషి.

కార్మికమిత్ర:
ముందు క్యాజువాలిటీ రిజిస్టరు, ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన గాయాల వైద్య రికార్డు) నకళ్లు అడగండి. మొదట రాసినదీ డిశ్చార్జి రోజున రాసినదీ ఒకటే కావాలని లేదు. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. అయితే ఆసుపత్రి వాటిని భద్రపరచాల్సింది మూడేళ్లే. ఆలస్యం చేయకండి.

ఎముకలడాక్టరు:
తప్పు మా వైపు ఉంది, ఒప్పుకుంటున్నాను. ప్రాణం నిలబెట్టే హడావుడిలో ‘ఎలా జరిగింది’ అన్న గడిని పక్కనున్నవారి మాటతో నింపేస్తాం. ఇప్పుడు నేను ఆ మాట ఎవరు చెప్పారో కూడా రాస్తున్నాను. రోగి తేరుకున్నాక అతన్నే అడిగి, తేదీ, సమయం వేసి కింద చేరుస్తాను. పాత వాక్యం కొట్టేయను. కొట్టేస్తే దిద్దినట్టు అనుమానిస్తారు.

ఇంకొకటి. చేతి బొటనవేలు పోతే సంపాదన శక్తి 30 శాతం తగ్గినట్టు అని, 2023 నాటి ప్రమాదానికి వర్తించే 1923 ఉద్యోగుల పరిహార చట్టం షెడ్యూలులోనే ఉంది. మీ నాన్నగారి మణికట్టులాంటి గాయం ఆ జాబితాలో లేదు. అలాంటప్పుడు సంపాదన శక్తి ఎంత తగ్గిందో అర్హత గల వైద్యుడే అంచనా వేయాలి. మాలో చాలామంది ‘25 శాతం వైకల్యం’ అని రాసి ఊరుకుంటారు. అది చేతి లెక్క, బతుకుతెరువు లెక్క కాదు.

రంపంమిల్లు:
నాకూ అదే జరిగింది. పరిహారం కేసుకు సదరం వైకల్య సర్టిఫికెట్ పట్టుకుని వెళితే ‘ఇది పింఛనుకు ఇచ్చింది’ అని పక్కన పెట్టారు. ఆపరేషను చేసిన డాక్టరుగారి దగ్గరికే మళ్లీ వెళ్లాను. ‘దుంగను రంపం మీదికి నెట్టడానికి రెండు చేతుల పట్టూ కావాలి, ఇతని ఎడమ చేతికి పట్టు లేదు’ అని రాసిచ్చారు. సాక్ష్యానికీ వచ్చారు. ‘చికిత్స చేసింది మీరేనా?’ అని లాయరు రెండుసార్లు అడిగితే, ఆయన కేస్‌షీటు తెరిచి తన సంతకం చూపించారు. ఆ మేలు మరువలేను.

కార్మికమిత్ర:
మోచేతి పైన ఎడమ చెయ్యి తీసేసిన వడ్రంగి కేసులో, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అది సంపూర్ణ వైకల్యమేనన్న నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 1975లోనే సమర్థించింది. మీ డాక్టరుగారికి ఆ తీర్పు చూపించండి.

మేస్త్రీకొడుకు:
రిజిస్టరు నకలు వచ్చింది. ‘ఎత్తు నుంచి పడ్డాడు’ అని ఉంది, ఎక్కడన్న గడి ఖాళీ. మెట్ల మాట మాత్రం లేదు. సోమవారం డాక్టరుగారిని కలుస్తున్నాం. తాపీ కూడా వెంట తీసుకెళ్తున్నాం, పట్టుకుని చూపించడానికి.